పదమూడో చెరువు, రెండో భాగం

మొన్న శుక్రవారం తాడేపల్లిగూడెం బస్టాండులో భీమవరం బస్సు కోసం నిలబడి, అరటిపళ్ళ సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ పక్కనున్న పుస్తకాల కొట్టు వైపు చూశాను. మా బావగారు రాసిన నవలలు రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. మెడలో కాలేజీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి రెండోదాన్ని తిరగేసి, "మొదటిది చదివానండీ, అన్నం కూడా తినకుండా చదివాను. ఇది అంత బాగుంటుందాండీ?" అని కొట్టతన్ని అడిగింది. కొట్టతను మా జిల్లా మనిషి. "మొదటిది చదివినవాళ్ళందరూ ఇది కూడా పట్టుకెళ్తున్నారండీ" అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు, అలాగని అబద్ధమూ కాదు. మా వైపు మనుషులకి ఈ విద్య ఒకరు నేర్పనక్కర్లేదు. ఎవరింట్లోనైనా కూర బాగోకపోతే, మీ ఇంటి పెరుగు ఎంత కమ్మగా ఉందండీ అంటాం. ఆ అమ్మాయితో నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఆ రెండో పుస్తకం మొదటిదానంత ఎందుకు లేదో ముగ్గురికే తెలుసు. అందులో నేనొకదాన్ని. ఇంతలో బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ దారి పొడుగునా నేను చూసింది బయట పొలాల్ని కాదు.

మా బావగారు ఆకివీడులో నీళ్ళ డాక్టరు. అంటే చేపల చెరువుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, రంగు మందుచుక్కలు వేసి పరీక్ష చేసి, ఈ నీళ్ళలో ఆక్సిజన్ తక్కువుంది, ఈ నీళ్ళలో సున్నం వేయండి అని రైతులకి చెప్పే మనిషి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఎంత పొద్దున్నయినా ఆయనకే ఫోను వచ్చేది. స్కూటరు ముందు సీసాల పెట్టె పెట్టుకుని గట్ల మీద తిరిగీ తిరిగీ ఆయన నడక కూడా జారుడు గట్టు మీద నడిచినట్టే అయిపోయింది, సిమెంటు రోడ్డు మీద కూడా అలాగే నడుస్తారు. పరమ నెమ్మదస్తుడు. పెరట్లో కోడిని తోలాలన్నా "కొంచెం అవతలికెళ్ళండీ" అంటారని అక్కయ్య వేళాకోళం చేస్తూంటుంది. అలాంటి మనిషి పని మానేశాక హత్యల నవల రాస్తున్నానని చెబితే మేం నవ్వేశాం. కొల్లేటికోట దగ్గర ఒక చెరువులో శవం తేలుతుంది. అదే చెరువులో చేపలు మాత్రం హాయిగా తిరుగుతూంటాయి. నీళ్ళు పరీక్ష చేసే ఒక మామూలు మనిషి, శవం ఊపిరితిత్తుల్లో ఉన్న నీళ్ళు ఆ చెరువు నీళ్ళు కావని కనిపెడతాడు. అదీ 'పదమూడో చెరువు' కథ. ఏలూరులో అచ్చయిన ఆ పుస్తకాన్ని చేపల లారీ డ్రైవర్లు ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చదివారు. నేను ముప్పై రెండేళ్ళు తెలుగు టీచరుగా ఎర్ర సిరా పెన్నుతో బతికినదాన్ని, ప్రూఫులు దిద్దడానికి కూర్చుని రెండో రోజుకి పెన్ను మూసేసి ఊరికే చదువుకుంటూ పోయాను.

అంత బాగా రావడానికి కారణం బావగారొక్కరే కాదు, మా అక్కయ్య. అక్కయ్య నర్సుగా చేసి రిటైరైంది. వార్డులో అడుగు పెడుతూనే ఎవరు మాత్ర మింగకుండా దిండు కింద దాచారో, ఏ బంధువు అబద్ధం చెబుతున్నాడో చెప్పేసేదట. చిన్నప్పుడు ఏలూరులో మేమున్న ఇంట్లో బెల్లం తగ్గిందంటే నా వైపు ఒక్కసారి చూసేది, నేను ఏడుపు అందుకునేదాన్ని. ఆ కన్ను ఇంకా అలాగే ఉందని బావగారు ఆమెకొక పని పెట్టారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ఆయన ఆ వారం రాసిన అధ్యాయం పైకి చదివేవారు. అక్కయ్య చింతపండులో పిక్కలు తీస్తూ వినేది. కథ సగానికి వచ్చాక హంతకుడెవరో ఒక చీటీ మీద రాసి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేసేది. కథంతా అయ్యాక ఆయన డబ్బా మూత తీసి చూసేవారు. చీటీలో పేరు సరిపోయిందా, ఆ నవల మళ్ళీ మొదటి నుంచీ, హంతకుణ్ణి మార్చి రాయాల్సిందే. 'పదమూడో చెరువు' మూడుసార్లు దొరికిపోయింది. నాలుగోసారి గానీ అక్కయ్య ఓడిపోలేదు. ఆ నాలుగోసారి రాసేటప్పుడు ఆయనకి తిండి ధ్యాస లేదు, మాత్రల ధ్యాస లేదు. చివరి అధ్యాయం రాసిన మర్నాడు గట్టు మీద కూలబడిపోతే కారులో ఏలూరు తీసుకెళ్ళారు, గుండెకి స్టెంటు వేశారు. పుస్తకం బయటికొచ్చిన రోజున ఆయన మంచం మీద పడుకుని అట్ట వాసన చూశారు.

రెండో భాగం రాయమని అడిగినవాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు. రాయనండీ, రాయనండీ అంటూనే రాశారు. నాకు ప్రూఫుల కట్ట కొరియరులో వచ్చింది ఒక శుక్రవారం. పైన బావగారి గుండ్రటి చేతిరాతలో కాగితం. "టీచరుగారూ, ఈసారి మీ అక్కయ్య మొదటి చీటీతోనే ఓడిపోయిందండీ. సోమవారం ఏలూరులో అచ్చు మొదలు పెడతారు. తప్పులు దిద్దడంతో పాటు ఒక సాయం చేయండి. హంతకుడెవరో మీకు తెలిసిపోయిన పేజీలో పెన్సిలుతో గీత పెట్టండి. దయచేసి మొహమాటపడొద్దు." మొదటి చీటీతోనే అక్కయ్యని ఓడించారంటే ఈ నవల ఎంత గట్టిదో అనుకున్నాను. మర్నాడు ఉదయం కాఫీ తాగి, ఫోను పక్క గదిలో పెట్టి, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను.

మూడో అధ్యాయంలో గీత పెట్టేశాను. పడవలో దొరికిన నీళ్ళ సీసా గురించి నలుగురూ మాట్లాడుకుంటూంటే, ఐసు ఫ్యాక్టరీ ఓనరు తమ్ముడు "ఆ నీలం మూత సీసాయేనా?" అంటాడు. మూత ఏ రంగుదో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను అక్కడ గీత పెట్టి, ఇది పాఠకుణ్ణి పక్కదారి పట్టించడానికి వేసిన ఎర అయి ఉంటుంది, చివర్లో అసలువాణ్ణి చూపిస్తారు అనుకుంటూ చదివాను. చూపించలేదు. చివరికి వాడే. మధ్యలో రెండు వందల పేజీలు వాడు దాక్కున్నదీ లేదు, నేను భయపడిందీ లేదు. కట్ట మూసేసి కుర్చీలో వెనక్కి వాలాను. మొదటిదాని ముందు ఇది తేలిపోయింది. ఆ బాధ ఎంతసేపో లేదు. దాని వెనకాలే ఇంకో సంగతి తట్టింది. నాకే మూడో అధ్యాయంలో తెలిసిపోయింది. అక్కయ్యకి ఎలా తెలియలేదు?

ఆ తర్వాత నా బుర్ర ఊరుకోలేదు. కిందటిసారి నేను ఆకివీడు వెళ్ళినప్పుడు కొరమీను పులుసులో అక్కయ్య రెండుసార్లు ఉప్పు వేసింది. ఆ వారంలోనే ఫోనులో పక్కింటివాళ్ళ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని చెప్పి, పావుగంట తర్వాత అదే సంగతి కొత్తగా మళ్ళీ చెప్పింది. అప్పుడు నవ్వుకున్నవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ లేచి నిలబడ్డాయి. మా స్కూల్లో పనిచేసిన ఒక హెడ్‌మిస్ట్రెస్ చివరి రోజుల్లో కన్నకూతుర్ని "ఎవరమ్మా నువ్వు" అని అడగడం నేను కళ్ళారా చూశాను. అది గుర్తొచ్చాక ఇంట్లో నిలవలేకపోయాను. ఆదివారం చర్చి ఎగ్గొట్టి పొద్దున్నే బస్సెక్కాను. భీమవరంలో బస్సు మారి కూర్చున్నాక, దారికి అటూ ఇటూ చెరువుల్లో నీళ్ళు తిప్పే చక్రాలు ఆగకుండా తిరుగుతూంటే, ఏలూరులో ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, ఏమని చెప్పి తీసుకెళ్ళాలి అని ఆలోచిస్తున్నాను. నన్ను పెంచింది ఆమే. అమ్మ పోయాక నాకు జడ వేసిందీ, నా పరీక్ష ఫీజు కోసం రాత్రి డ్యూటీలు అడిగి వేయించుకున్నదీ ఆమే. ఆమె నన్ను గుర్తు పట్టని రోజు నేను బతికి ఉండకూడదని బస్సులో కూర్చుని కోరుకున్నాను.

బావగారు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చారు. నేను చెప్పులు విప్పకముందే, లోపలికి వినపడకుండా, "పెరట్లోకి రండి" అని వెనక చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళారు. మేత బస్తాల వాసన, ఎండకి వేడెక్కిన నీళ్ళ వాసన.

"ఏ పేజీలో గీత పెట్టారండీ?"

ఇదిగో వచ్చింది పరీక్ష అనుకున్నాను. పుస్తకం బాగోలేదని మెత్తగా ఎలా చెప్పాలో బస్సులో కొంత ఆలోచించుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. "మూడో అధ్యాయం బావగారూ. సీసా మూత దగ్గర."

ఆయన ముఖం పాలిపోయింది. పక్కనున్న తూము సిమెంటు దిమ్మ మీద మెల్లగా కూర్చున్నారు. రచయితలకి ఇంత అభిమానం పనికిరాదని నేను లోపల విసుక్కుంటూనే, ఇంకా టైముంది, రేపు అచ్చు ఆపమని చెప్పొచ్చు, కొంచెం మారిస్తే సరిపోతుందని ఏదో అంటున్నాను. ఆయన వినడం లేదు.

"పుస్తకం సంగతి కాదండీ" అన్నారు. "మీ అక్కయ్య డిసెంబరులో ఒకరోజు గ్యాసు పొయ్యి కట్టేయకుండా చర్చికి వచ్చేసింది. తర్వాత అలాంటివే ఇంకో రెండు మూడు. నాకు భయమేసింది. నవల్లో తనకి అందకుండా రాస్తే, నాకింక బుర్ర పనిచెయ్యట్లేదని కుంగిపోతుందేమోనని, తనకి తెలియాలనే రాశానండీ. నాలుగు మెట్లు కిందికి దిగి రాశాను. ఆ నీలం మూత అందుకే పెట్టాను. అయినా చీటీలో తప్పు పేరు వచ్చింది. డబ్బా తీసి ఆరు వారాలైంది. ఏమో, నేను సరిగ్గా రాయలేదేమో, ఎవరికీ తెలియదేమో అని మీకు పంపాను. మీరు కూడా చివరిదాకా తెలియలేదంటారని చూశానండీ."

నేను మొహమాటపడి ఉంటే ఆ మనిషి ఆ పూట బతికిపోయేవాడు. జీవితంలో మొదటిసారి నా ఎర్ర పెన్ను మీద నాకే అసహ్యం వేసింది. కళ్ళు తుడుచుకుని, ఏలూరులో డాక్టరుకి నన్ను నేను చూపించుకుంటున్నానని చెప్పి అక్కయ్యని తోడు రమ్మంటానని మాటిచ్చాను. అక్కయ్యకి ఈ సంగతి తెలియకూడదని ఆయన రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ సరేనన్నాను.

వంటింట్లో అక్కయ్య కొబ్బరి ముక్కలు కోస్తోంది. నేను పీట మీద కూర్చుని ఆమె చేతులు చూశాను, కళ్ళు చూశాను, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో చూశాను. నాలుగు ముక్కలు కోసి, కత్తి పక్కన పెట్టింది.

"ఏమే, వచ్చిన దగ్గర్నుంచీ పోలీసులా చూస్తున్నావు. ఏం కనిపెడదామని?"

ఇంక ఆగలేకపోయాను. "నవల్లో హంతకుడు ఎవరక్కా?"

అక్కయ్య పెరటి గుమ్మం వైపు ఒకసారి చూసి, కొబ్బరి ముక్కలు మిక్సీలో పోసి మీట నొక్కింది. ఆ మోతలో నా చెవి దగ్గరికి వంగి, "ఐసు ఫ్యాక్టరీవాళ్ళ తమ్ముడు" అంది. "మీ బావగారు వింటారు. మెల్లగా మాట్లాడు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి అధ్యాయంలో. మే నెల ఎండలో శవాన్ని చూడడానికి వచ్చినవాడు చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని బొత్తాం పెట్టుకున్నాడు. చేతి మీద గాయం లేకపోతే ఎవడు పెట్టుకుంటాడే? వార్డులో ఎంతమందిని చూశాను."

ఆ చొక్కా సంగతి నేను ప్రూఫులు దిద్దుతూ కూడా గమనించలేదు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అక్కయ్య మిక్సీ ఆపింది, గుమ్మం వైపు చూసింది, మళ్ళీ నొక్కింది. పచ్చడి మెత్తగా గుజ్జయిపోతోంది. మరి చీటీలో తప్పు పేరెందుకు రాశావని అడిగాను.

"సరైన పేరు రాస్తే మళ్ళీ మొదటి నుంచీ రాస్తారు. కిందటిసారి నాలుగుసార్లు రాశారు, చివరికి ఏలూరు ఆసుపత్రిలో తేలారు. ఆ ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే అనుకున్నాను, ఈయన ఇంకోటి రాస్తే మొదటిసారే ఓడిపోవాలని. పుస్తకం బాగోదు, నాకు తెలుసు. నలుగురూ నాలుగు మాటలంటారు. అననీ. నాకు మనిషి కావాలి." ఇంకా మిక్సీ తిరుగుతూనే ఉంది. "ఆయనకి చెప్పావంటే నీతో మాట్లాడను. ఒట్టు వెయ్యి."

నేను ఒట్టు వేశాను. అరగంటలో, ఒకరి సంగతి ఒకరికి చెప్పనని ఇద్దరికీ మాట ఇచ్చేశాను. సాయంత్రం ఆరింటికి నా బస్సు. మర్నాడు అచ్చు. నేను నోరు మూసుకుని వెళ్ళిపోతే, ఆయన రేపటి నుంచీ భార్యకి మతి పోయిందనుకుంటూ ఆమె వెనకాల తిరుగుతారు. నోరు విప్పితే, ఆయన హంతకుణ్ణి మార్చడానికి మళ్ళీ కాగితాల కట్ట తీస్తారు, అప్పుడు ఆ గుండెకేమైనా అయితే అది నా పుణ్యమే. భోజనాల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. కొబ్బరి పచ్చడి నిజంగానే గంధంలా ఉంది. అక్కయ్య కూర వడ్డిస్తూంటే బావగారు ఆమె చెయ్యి వైపే చూస్తున్నారు, వణుకుతోందేమోనని. ఆయన రెండో ముద్దకి కొంచెం ఆగితే అక్కయ్య ఆయన ఛాతీ వైపు చూస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు చూసుకుంటున్నారు. క్లాసులో కూడా నేనెప్పుడూ రహస్యాలు దాచినదాన్ని కాను.

"అక్కా, బావగారు ఆ నవల నీకు తెలియాలనే అంత తేలిగ్గా రాశారు" అన్నాను.

అక్కయ్య గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. బావగారు నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. మాటిచ్చి గంట కాలేదు.

"నాకు తెలియాలని ఎందుకు?" అంది అక్కయ్య ఆయనతో. ఆయన పళ్ళెంలోకి చూస్తున్నారు. ఆమె కన్ను ఆమె పని చేసింది, నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "అందుకాండీ, నెలన్నరగా నేను పొయ్యి వెలిగిస్తే మీరొచ్చి వెనకాల నిలబడుతున్నారు? నాకు మతి పోయిందనుకున్నారా?"

"చీటీలో పడవవాడి పేరుంది" అన్నారాయన.

"కావాలని రాశానండీ. మీ చేత మళ్ళీ రాయించడం ఇష్టం లేక. మొదటి అధ్యాయంలోనే దొరికాడు వాడు. చొక్కా చేతులు దించుకొచ్చినవాడు."

బావగారు తలెత్తారు. నీలం మూత నేనూ పట్టుకున్నాను గానీ, చొక్కా గుట్టు మాత్రం రాసిన ఆయన కాక కనిపెట్టింది ఆమె ఒక్కతే. ఆయన ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, ఎడమచేత్తో కళ్ళద్దాలు తీసి, ముఖం కప్పుకుని ఏడ్చారు. డెబ్బై రెండేళ్ళ మనిషి అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. అక్కయ్య లేచి వెళ్ళి ఆయన వీపు మీద ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, "గ్యాసు మర్చిపోతే మనిషికి మతి పోయినట్టా, వయసొచ్చినట్టండీ" అని మందలించింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, నీతో మాట్లాడనని చెప్పి, ఇంకొంచెం అన్నం వడ్డించింది.

కొంత తేరుకున్నాక, ఏలూరు వాళ్ళకి ఫోను చేసి అచ్చు ఓ నెల ఆపమని చెప్పమంటారా, నెమ్మదిగా మార్చుకోవచ్చు కదా అని నేనే అడిగాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది.

"మార్చనండీ టీచరుగారూ" అన్నారు. "వాడు ఎంత తేలిగ్గా పట్టుబడితే నాకంత హాయి."

అలాగే అచ్చయింది. అలాగే అమ్ముడవుతోంది. మొదటిదానంత లేదని ఎవరూ మొహం మీద అనలేదు గానీ, మూడో భాగం ఎప్పుడండీ అని కూడా ఎవరూ అడగలేదు. బావగారికి ఆ విషయంలో చింత ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. అక్కయ్యకి మతిమరుపు లేదని కాదు, వయసుకి తగ్గంత ఉంది. నాకూ ఉంది. ఆ సాయంత్రం ఆరింటి బస్సులో కూర్చున్నాక మాత్రం నాకు ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, ఆమెకి మతి పోతోందని ఆయనా, ఆయన గుండె ఆగిపోతుందని ఆమే, ఒకరికి తెలియకుండా ఒకరు భయపడుతూ ఆరు వారాలు గడిపేశారు. డెబ్బై దాటినవాళ్ళ దగ్గర అలా పారేసుకోవడానికి ఆరు వారాలు ఎక్కడుంటాయి.